గీతకి ఎటేపండి, మాస్టారూ?

మా చర్చి సంఘంలో ఇద్దరు యువకులు, ఒక అమ్మాయి ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని పాఠాలు చెబుతున్నారు. పిల్లలు విశాఖలోనో, దుబాయిలోనో ఉంటారు. వీళ్ళు పాలకొల్లులో కూర్చుని వాళ్ళకి త్రికోణమితి నేర్పుతారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఆ అమ్మాయి నా పక్కకి వచ్చింది.

"తాతయ్యగారూ, మొదటి రెండు క్లాసులు ఫ్రీగా ఇవ్వమంటున్నారండి అందరూ. ఇస్తే ఎంతవరకు చెప్పాలండి? మొత్తం చెప్పేస్తే ఇంక డబ్బులు కట్టి ఎందుకొస్తారు?"

ఆ ప్రశ్నకి నేను ఒకసారి జవాబు చెప్పాను. ఊరంతా టీవీలో చూస్తుండగా చెప్పాను, తప్పు చెప్పాను. వారం తర్వాత దిద్దుకున్నాను. దిద్దుకుంటూ ఇంకో తప్పు చేశాను. మా ట్యుటోరియల్ బతికింది ఆ రెండో తప్పు వల్లేనని కొందరంటారు. చెప్పులు వేసుకునేంతలో అయిపోయే సంగతి కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. పదో తరగతి తప్పినవాళ్ళకి నేనూ, మా ఇంగ్లీషు మాస్టారూ కలిసి ట్యుటోరియల్ నడిపేవాళ్ళం. కాలవ గట్టు మీద ఎరువుల కొట్టు, దాని పైన మేడగది మాది. మా పిల్లలు ఆ ఎరువుల వాసనకి ఎంత అలవాటుపడ్డారంటే, పరీక్ష హాల్లో ఆ వాసన లేకపోవడం వల్లే సూత్రాలు గుర్తురాలేదని ఒకడు నాతో గట్టిగా వాదించాడు.

ఇంగ్లీషు మాస్టారిది పెనుగొండ పక్క పల్లె, వ్యవసాయ కుటుంబం. నాకంటే పదేళ్ళు చిన్న. నన్ను "గురువుగారూ" అనేవాడు, తిట్టేటప్పుడు కూడా. నేను లెక్కలు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు ప్రార్థన కూడికలకి వెళ్ళేవాణ్ణి. సంఘ కార్యదర్శిని గనక ప్రతి ఆదివారం ప్రకటనలు చదవడం నా పని. స్త్రీల కూడిక ఎన్ని గంటలకి, ఈ వారం గృహ ప్రార్థన ఎవరింట్లో, అన్నీ చదివాక చివర ఒక్క మాట ఉండేది: "ఇప్పుడు కానుకలు పట్టబడును." ఇరవై ఏళ్ళపాటు వారం వారం అన్న మాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మీకు తర్వాత పనికొస్తుంది. నాకైతే పనికి రావలసిన దానికంటే ఎక్కువే వచ్చింది.

ఆ ఏడు బస్టాండు ఎదురుగా కొత్త ట్యుటోరియల్ ఒకటి వెలిసింది. మూడు రోజులు ఉచితంగా క్లాసులు, చేరినవాళ్ళకి బ్యాగు, నోటుపుస్తకాలు. మా పది బెంచీల్లో మూడే నిండాయి. ఎరువుల కొట్టాయన మంచివాడే గానీ తొలకరి ముందుకొస్తోంది, సరుకు దించుకోవడానికి ఆయనకి చోటు కావాలి. ఒకరోజు మెట్లెక్కి వచ్చి బెంచీలకేసి చూసి నెమ్మదిగా చెప్పాడు.

"మాస్టారూ, ఏవనుకోకండి. నెలాఖరుకి ఈ బెంచీలు పిల్లల్తో నిండకపోతే నా బస్తాల్తో నిండుతాయండి."

మా ఇద్దరికీ వేరే బతుకుతెరువు లేదు. నాకు బడి ఉద్యోగం వయసు దాటిపోయింది. ఇంగ్లీషు మాస్టారు కొబ్బరికాయల వ్యాపారం చేసి, అది చాలించి ఇటు వచ్చినవాడు. నెలాఖరుకి ఇంక మూడు వారాలుంది.

అప్పట్లో ఊళ్ళో కేబుల్ టీవీ నడిపే ఆయనకి సొంతంగా ఒక లోకల్ ఛానల్ ఉండేది. అందులో పెళ్ళి వీడియోలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, చీరల కొట్ల ప్రకటనలు వచ్చేవి. ఆయన్ని పట్టుకుని ఇంగ్లీషు మాస్టారు ప్రతి సోమవారం సాయంత్రం అరగంట సంపాదించాడు. లెక్కల పాఠం, ఉచితంగా, ఊరందరికీ. పాఠం అయ్యాక చూసేవాళ్ళు ఫోన్ చేసి సందేహాలు అడగొచ్చు. ఇప్పుడు మీరు ఆన్‌లైన్ అంటున్నది మాకు అప్పట్లో కేబుల్ లైన్ మీద వచ్చిందనుకోండి.

"అయితే గురువుగారూ, ఒక షరతండి," అన్నాడు ఇంగ్లీషు మాస్టారు. "లెక్క మొదలెట్టండి, బాగా పాకాన పడనివ్వండి. సరిగ్గా అసలు మెలిక దగ్గర ఆపెయ్యండి. మిగతాది మా ట్యుటోరియల్లో అనండి. ఆత్రేయపురం వెళ్తే పూతరేకుల కొట్టువాడు చిన్న ముక్క చేతిలో పెడతాడు కదండి, పొట్లం ఇచ్చేస్తాడేంటి?"

నాకు లోపల ఏదో నచ్చలేదు. కానీ మూడు బెంచీలు కళ్ళముందున్నాయి. సరేనన్నాను.

మొదటి సోమవారం గ్రాఫు లెక్క ఎత్తుకున్నాను. పదో తరగతిలో పిల్లలు భయపడేది దానికే. ఒక రైతుకి కొంత పొలం, కొంత పెట్టుబడి ఉన్నాయి, వరి ఎంత వేస్తే, చెరకు ఎంత వేస్తే లాభం ఎక్కువో చెప్పాలి. గ్రాఫు కాగితం మీద రెండు గీతలు గీసి, ఒక్కో గీతకి సరైన పక్క పెన్సిలుతో షేడింగ్ కొట్టాలి. రెండు షేడింగులూ కలిసిన చోట, దాని మూలల్లో జవాబు ఉంటుంది. ఇటు కొట్టాల్సింది అటు కొడితే మొత్తం పోయినట్టే.

స్టూడియో అంటే కేబుల్ ఆయన ఇంటి మేడమీది గది. గోడకి నీలం దుప్పటి, దాని ముందు నల్లబల్ల. ఫ్యాను తిరిగితే మైకులో హోరు వస్తుందని ఆపేశారు. ఆయన ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "ఇప్పుడు ఫోన్లు తీసుకోబడును" అని రాసి కెమెరా పక్కన నిలబెట్టాడు. నేను ఆ మాట అనగానే తెర మీద నంబరు వేస్తాడు.

రెండు గీతలూ శుభ్రంగా గీశాను. "గీతకి ఏ వైపు షేడింగ్ వెయ్యాలనేదే ఇందులో కీలకం. అది మా ట్యుటోరియల్లో చెబుతాం," అన్నాను. అట్ట చూసి ఫోన్ల మాట చదివాను. వెంటనే ఫోను మోగింది. ఆడమనిషి గొంతు, వెనక కుట్టుమిషను చప్పుడు.

"మాస్టారండీ, నమస్కారమండి. మరి గీతకి ఎటేపండి?"

కెమెరా వెనక ఇంగ్లీషు మాస్టారు రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"రేపు ఉదయం మా ట్యుటోరియల్‌కి రండమ్మా, చెబుతాం."

"రాలేనండి. మిషను కుడతానండి నేను. పన్నెండేళ్ళ కిందట లెక్కల్లోనే పోయిందండి నా పది. ఇప్పుడు మా పేటలో అంగన్‌వాడీ పోస్టు పడింది, పది పాసవ్వాలంటున్నారండి. సప్లిమెంటరీకి కట్టేశాను. ఆ పిల్లల మధ్యన బెంచీ మీద కూర్చోడానికి సిగ్గేస్తందండి." మిషను చప్పుడు ఆగింది. తర్వాత, "సరేలెండి, నేనే రెండేపులా కొట్టేసుకుంటాను. ఏదో ఒకేపు రైటవుద్ది కదండి," అని పెట్టేసింది.

కేబుల్ ఆయన పెళ్ళి వీడియో వేసేశాడు. ఇంగ్లీషు మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అదిరిందండి గురువుగారూ. రేపు చూడండి క్యూ."

మర్నాడు ఇద్దరు వచ్చి చేరారు. పదకొండు మంది వచ్చి "ఎటేపండి?" అని మాత్రం అడిగి, చెప్పించుకుని వెళ్ళిపోయారు. టీ కొట్టాయన గ్లాసు అందిస్తూ "ఎటేపు మాస్టారూ?" అన్నాడు. చేపల బజారులో కొరమీనులమ్మే ఆవిడ, లెక్కకీ ఆవిడకీ ఏ సంబంధమూ లేకపోయినా, "మీ గీత ఎటేపో తేలిందా, బాబూ?" అంది. బుధవారం గృహ ప్రార్థనలో ఆమేన్ అయిన మరుక్షణం ఆ ఇంటి ముసలమ్మ మోకాళ్ళ మీంచి లేస్తూ అదే అడిగింది. ఊరు నన్ను చూసి నవ్వుకోవడం నాకు కష్టమేమీ అనిపించలేదు. కానీ ఆ మిషను ఆగిన క్షణం చెవిలోంచి పోలేదు. ఆవిడకి నేను దాచిన సంగతి ఎంతనుకున్నారు? అర నిమిషం. సున్నా, సున్నా అన్న బిందువుని ఆ అసమీకరణంలో పెట్టి చూడాలి. నిజమైతే సున్నా ఉన్న వైపు, కాకపోతే అవతలి వైపు. అంతే. ఆ అర నిమిషం కోసం ఒక మనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి తలుపు వేశాను.

ఆదివారం ఆరాధన తర్వాత మా సంఘపెద్ద దగ్గర కూర్చున్నాను. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. ఏ మాటయినా అవతల జెండా ఊపాకే కదిలినట్టు నెమ్మదిగా మాట్లాడేవాడు. అంతా చెప్పి అడిగాను.

"మనం ఊరికే పొందినదాన్ని ఊరికే ఇవ్వాలని కదండీ ప్రభువు శిష్యులకి చెప్పింది. నేను దాచిపెట్టాను. మొత్తం ఊరికే చెప్పేసి ట్యుటోరియల్ మూసేసుకోవాలంటారా?"

ఆయన గ్రంథం తెరిచి నా ముందు పెట్టాడు. "ఆ మాట ఎక్కడుందో చూడు."

చూశాను.

"ఇప్పుడు వేలు కిందకి దించు. రెండు వచనాలు చాలు."

పనిచేసేవాడు తన తిండికి అర్హుడన్న మాట అక్కడ ఉంది. రెండూ ఒకే పేజీ. రెండూ ఒకే రోజున, అదే మనుషులకి చెప్పినవి. ఎన్నిసార్లు చదివానో, పిల్లలకి బట్టీ పట్టించానో లెక్కలేదు. రెండూ అంత దగ్గరగా ఉన్నాయని అప్పుడే చూశాను.

"అయితే ఎటేపండి?" అన్నాను, నాకు తెలీకుండానే.

ఆయన నవ్వాడు. "రెండు షేడింగులూ కలిసేచోట వెతుక్కోవయ్యా. లెక్కల మాస్టారువి నువ్వు కదా. టీవీలో నేనూ చూశాన్లే."

సోమవారం పొద్దున్నే ఇంగ్లీషు మాస్టారితో చెప్పేశాను, ఈసారి లెక్క చివరిదాకా చేస్తానని.

"ఇంకేముందండి. బస్తాలు మోసే కూలీలకి కబురు పెట్టేస్తాను."

"పూతరేకుల కొట్టువాడు చిన్న ముక్కే ఇస్తాడు, నిజమే. ఆ ముక్కలోంచి బెల్లం, నెయ్యి తీసేసి ఉత్త రేకు ఇస్తాడా?"

"అది ఇవ్వడండి," అన్నాడు. మళ్ళీ, "కానీ వాడికి మేడగది అద్దె లేదు కదండి," అన్నాడు. అయినా సాయంత్రం నాతో వచ్చాడు. కోపంగానే వచ్చాడు గానీ సుద్దముక్కల డబ్బా మాత్రం తనే పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఉక్క చెప్పలేను. ఆదివారం చొక్కా వేసుకున్నాను. అది మెడ దగ్గర తడిసి అంటుకుపోయింది. ముందుగా ఊరికి క్షమాపణ చెప్పి, కిందటి వారం ఆపిన చోటునుంచి ఎత్తుకున్నాను. సున్నా, సున్నా పెట్టి చూపించాను. షేడింగ్ కొట్టాను. మూలలు పట్టి, రైతుకి వరి ఎంతో చెరకు ఎంతో తేల్చాను. అదే రకం లెక్క ఇంకోటి మొదటినుంచి చివరిదాకా చేశాను. మనసులో స్తుతించుకుంటూ తేలికపడి, ఫోన్ల మాట చదువుదామని కెమెరా పక్కకి చూశాను.

అట్ట లేదు. ఫ్యాను ఆపేశారు గనక ఇంగ్లీషు మాస్టారు దానితో విసురుకుంటున్నాడు.

నాకేసి చూస్తున్న కెమెరా, ఎదురుగా నిశ్శబ్దం, ఒంటి మీద ఆదివారం చొక్కా. నా నోరు దాని పని అది చేసుకుపోయింది.

"ఇప్పుడు కానుకలు పట్టబడును."

కెమెరా కదిలిపోయింది. కేబుల్ ఆయన నవ్వు ఆపుకోలేక దాని స్టాండు కాలు పట్టుకున్నాడట. ఇంగ్లీషు మాస్టారు అట్ట ముఖానికి అడ్డం పెట్టుకుని గోడకి జారి కింద కూర్చున్నాడు. ఫోను మోగింది.

"మాస్టారండీ, కానుక ఎంతండి?"

"అది పొరపాటున వచ్చిందండి. ఏమీ వద్దండి."

రెండో ఫోను: "మాది దిగమర్రండి. పాలు పోస్తాం. పాలు తెస్తే పుచ్చుకుంటారా?"

"వద్దండి బాబూ, పాఠం ఊరికేనండి."

మూడోదానికి మిషను చప్పుడు వినపడింది.

"ఆయ్, మాస్టారండీ, ఒకేపేనన్నమాటండి. సున్నా పెట్టి చూసుకోవాలి. ఇంత చిన్న సంగతికి వారమంతా రెండేపులా కొట్టి కాయితాలు తగలేశానండి."

"నన్ను క్షమించమ్మా."

"అయ్యో, అంత మాటెందుకండి. కానుకంటే మా దగ్గరేముందండి, కుట్టుకూలి. ఒక సంగతి చెప్తే ఏవనుకోరు కదా? మీ కాలరు చిరిగిందండి. మీరు బల్లేపు తిరిగినప్పుడల్లా టీవీలో కనపడతంది. ఆ చొక్కా పంపించండి."

నేను మెడ మీద చెయ్యి వేసి చూసుకున్నాను. నిజమే. ఊరంతా చూసింది.

మర్నాడు ఉదయం ఎరువుల కొట్టు ముందు సైకిళ్ళు. మెట్ల మీద ఒక అరటి గెల, మునక్కాయల కట్ట, పాల క్యాను, బకెట్టులో ఇంకా కదులుతున్న రొయ్యలు. వాటిని తెచ్చినవాళ్ళలో సగంమంది వేళాకోళానికే వచ్చారు, నాకు తెలుసు. "కానుకలెక్కడ పడతారండి?" అని నవ్వుకుంటూనే ఎక్కారు. కానీ ఒట్టి చేతుల్తో ఎవరూ రాలేదు, ఒంటరిగా కూడా చాలామంది రాలేదు. తప్పిన కొడుకునో, కూతురినో, మేనకోడలినో వెంటపెట్టుకొచ్చారు. రొయ్యల బకెట్టు తెచ్చినాయన చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తు.

"మావాడు రాత్రి ఆ లెక్క తనంతట తను చేశాడండి. పదేళ్ళనుంచి బడికెళ్తున్నాడు, ఒక లెక్క పూర్తిగా చెయ్యడం నేను చూళ్ళేదు. ఒకటొచ్చిందంటే మిగతావీ వస్తాయి కదండి. చేర్చుకోండి."

లెక్క సగంలో ఆపినప్పుడు వచ్చినవాళ్ళు ఆ సగం కోసం వచ్చి, అది తీసుకుని వెళ్ళిపోయారు. పూర్తిగా చెప్పినప్పుడు వచ్చినవాళ్ళు మిగతా పుస్తకం కోసం వచ్చారు. టీవీలో చూసి నేర్చుకుని అసలు మెట్లెక్కనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళూ పాసయ్యారు, దానికీ ప్రభువుకి స్తోత్రం.

ఇంగ్లీషు మాస్టారు పేర్లు రాసుకుంటూ, "గురువుగారూ, ఈ సోమవారం నేను అట్ట తగలబెట్టేస్తానండి. మీ నోటికొచ్చిందే అనండి," అన్నాడు.

నెలాఖరుకి తొమ్మిది బెంచీలు నిండాయి. పదోది ఖాళీ. ఎరువుల కొట్టాయన మెట్లెక్కి వచ్చాడు. ఆయన కిందకి కేకేసి ఒక యూరియా బస్తా పైకి తెప్పించి ఆ చివరి బెంచీ మీద పెట్టించాడు.

"వీడొక్కణ్ణీ మా తరపున చేర్చుకోండి మాస్టారూ. అల్లరి చెయ్యడు."

ఆ బస్తా పరీక్షలయ్యేదాకా అక్కడే కూర్చుంది. హాజరు నూటికి నూరు.

చొక్కా సంగతి చెప్పాలి. ఆ మంగళవారమే పంపాను. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, రాలేదు. కబురు పెడితే, "పాసయ్యాకే ఇస్తానని చెప్పండి," అందట. ఆ వేసవి ఆదివారాలన్నీ నేను వేరే చొక్కాతో ప్రకటనలు చదివాను. సంఘంలో అందరికీ కారణం తెలుసు. ఆవిడ మా సంఘస్థురాలు కాదు, అయినా ప్రార్థన మనవుల్లో ఎవరో ఒకరు ప్రతి వారం ఆవిడ పరీక్షని చేర్చేవారు. నా చొక్కా కోసమో ఆవిడ కోసమో నేను అడగలేదు. ప్రతి సోమవారం ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చేది. లెక్క మొదటినుంచి చివరిదాకా చెప్పేవాణ్ణి.

ఫలితాలు వచ్చిన రోజు మధ్యాహ్నం పాఠం మధ్యలో గుమ్మం దగ్గర ఒకావిడ నిలబడింది. టీవీలో నన్ను ఆవిడ చూడటమే గానీ నేనెప్పుడూ చూడలేదు. గొంతు విన్నాక పోల్చుకున్నాను.

"మాస్టారండీ, లెక్కల్లో నలభైయొకటండి. గ్రాఫు వచ్చింది. ఒకేపే కొట్టానండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంగ్లీషు మాస్టారు పక్కనుంచి, "రెండేపులా కొట్టుంటే ఎనభైరెండు వచ్చేవమ్మా," అన్నాడు. ఆవిడ నవ్వి, పేపర్లో చుట్టిన చొక్కా నా చేతిలో పెట్టింది.

విప్పి చూశాను. చిరుగు లేదు. కాలరు మొత్తం విప్పి, తిరగేసి, అరగని వైపు పైకి వచ్చేలా మళ్ళీ కుట్టింది. కొత్త చొక్కాలా ఉంది. ఒక గుండీ రంగు తేడాగా ఉంటే అదీ మార్చింది. మాసిక వేస్తే సరిపోయేది, ఎవరూ అడిగేవారు కాదు.

"కూలి ఎంతమ్మా?" అన్నాను.

"దీనికేం వద్దండి. ఇది ఊరికే." చీర కొంగు సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఈసారి కొత్త చొక్కా కుట్టించుకుంటే మాత్రం తీసుకుంటానండి."

ఆ తర్వాత ఆవిడకి అంగన్‌వాడీ పోస్టు వచ్చింది, మిషను మాత్రం మానలేదు. నేను రిటైరయ్యేదాకా, అయ్యాక కూడా, నా చొక్కాలన్నీ ఆవిడే కుడుతోంది. కూలి పూర్తిగా ఇస్తున్నాను. మొన్న ఆదివారం ఆ అమ్మాయి నన్ను ప్రశ్న అడిగినప్పుడు నా ఒంటి మీద ఉన్నది కూడా ఆవిడ కుట్టిందే.